బూటుకూ చక్రానికీ మధ్య

చక్రాల బూట్లతో హాకీ ఆడేవారి భద్రత చక్రంలోను లేదు, బూటులోను లేదు. ఆ రెంటినీ కలిపే నాలుగు వేళ్ల వెడల్పు చట్రంలో, దానిని పట్టి ఉంచే చిన్న రివెట్లలో ఉంది.

పద్దెనిమిదవ శతాబ్దపు లండన్ నగరంలో జాన్ జోసెఫ్ మెర్లిన్ అనే నిపుణుడు ఉండేవాడు. నేటి బెల్జియం దేశంలోని హుయ్ పట్టణంలో 1735లో జన్మించి, 1760లో స్పెయిన్ రాయబారి పరివారంతో లండన్ చేరిన ఈయన గడియారాలు, సంగీత వాద్యాలు, వాటంతట అవే కదిలే బొమ్మలు, రోగులు తామే నడుపుకొనగల చక్రాల కుర్చీలు తయారుచేసి పేరు గడించాడు. ఆయన కల్పించిన వింతలలో చక్రాల బూట్లు ఒకటి. సోహో కూడలిలోని కార్లైల్ భవనంలో జరిగిన మారువేషాల వేడుకకు ఆయన వాటిని తొడుక్కొని, వయొలిన్ వాయిస్తూ, అతిథుల నడుమ జారుతూ వచ్చాడని తరువాతి తరం వారు గ్రంథస్థం చేశారు. వేగం తగ్గించే ఉపాయం గాని, దిశ మళ్లించే ఉపాయం గాని ఆ బూట్లకు లేదు. ఐదువందల పౌన్లకు పైగా వెల చేసే నిలువుటద్దాన్ని ఆయన ఢీకొన్నాడు. అద్దం వెయ్యి వక్కలైంది. వయొలిన్ విరిగింది. మెర్లిన్‌కు బలమైన గాయాలయ్యాయి.

ఈ ముచ్చట చదివి నవ్వుకోవడం సులభం. కాని ఇందులో ఒక పాఠం ఉంది. చక్రం తిరగడం వేరు, తిరిగే చక్రం మనిషి పాదం చెప్పిన మాట వినడం వేరు. ఆ మాట పాదం నుండి చక్రానికి చేరవలసిన దారి బూటుకూ చక్రానికీ మధ్య గల చట్రమే. చక్రాల బూట్ల చరిత్ర అంతా ఆ దారిని సరిచేసుకోవడానికి మనిషి పడిన అవస్థే అనవచ్చు.

మంచు లేని చోట మంచు

తొలినాటి చక్రాల బూట్లన్నీ మంచుమీద జారే ఉక్కు పలక బూట్లకు నకళ్లు. పలక ఒకే గీత మీద ఉంటుంది గనుక చక్రాలను కూడా ఒకే వరుసలో అమర్చారు. 1819లో పెటిబ్లెడ్ అనే ఫ్రెంచివాడు పొందిన పేటెంటులోను, 1823లో లండన్ పండ్ల వర్తకుడు రాబర్ట్ జాన్ టయర్స్ పొందిన పేటెంటులోను ఉన్నది ఈ ఏకపంక్తి అమరికే. టయర్స్ బూటుకు ఐదు చక్రాలు ఉండేవి. 1849లో పారిస్ నగరంలో మేయర్‌బీర్ రచించిన సంగీత నాటకంలో మంచుమీద జారే దృశ్యాన్ని నటులు చక్రాల బూట్లతోనే ప్రదర్శించారు. అయితే వరుస చక్రాలు తిన్నగా పోయేవి గాని, వంపు తిరగడానికి మొండికేసేవి.

1863లో అమెరికావాసి జేమ్స్ లియొనార్డ్ ప్లింప్టన్ వేరొక దారి తొక్కాడు. ముందు రెండు, వెనుక రెండు చక్రాలు పెట్టి, ఇరుసులకూ బూటుకూ నడుమ రబ్బరు దిమ్మలు అమర్చాడు. పాదం ఏ పక్కకు ఒరిగితే చక్రాలు ఆ పక్కకు మళ్లాయి. 1884లో లెవాంట్ రిచర్డ్‌సన్ ఉక్కు గుండ్ల బేరింగులకు పేటెంటు పొందిన తరువాత చక్రం తేలికగా తిరగసాగింది. ఆ మీదట సుమారు నూరేళ్లపాటు చక్రాల బూటు అంటే నాలుగు మూలల నాలుగు చక్రాల బూటే. వరుస చక్రాల బూటు ఎక్కడో ఒక మూల దుమ్ము పట్టి పడి ఉంది.

దానిని తిరిగి వెలుగులోకి తెచ్చినది హాకీ. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో శీతకాలమంతా చెరువులు గడ్డకడతాయి. ఐస్ హాకీ అక్కడివారికి ప్రాణం. వేసవి వచ్చిందంటే ఆట ఆగిపోతుంది. 1979 ప్రాంతంలో స్కాట్ ఆల్సన్ అనే యువ హాకీ ఆటగాడికి మిన్నియాపోలిస్‌లో ఒక క్రీడాసామగ్రి దుకాణంలో పాత వరుస చక్రాల స్కేటు కంటబడింది. వేసవిలో హాకీ సాధనకు ఇది పనికివస్తుందని అతనికి తోచింది. తమ్ముడు బ్రెన్నన్‌తో కలిసి తల్లిదండ్రుల ఇంటి నేలమాళిగలో పని మొదలుపెట్టాడు. ఆ నేలమాళిగ నుండి పుట్టినదే రోలర్‌బ్లేడ్ సంస్థ. కొన్నేళ్లకు అది చేతులు మారినా, ఆ పేరు లోకంలో వరుస చక్రాల బూటుకే పర్యాయపదమైపోయింది.

ఈ అన్నదమ్ములు చేసినదేమిటి? చక్రాలను వారు కనిపెట్టలేదు. హాకీ బూటును వారు కనిపెట్టలేదు. చక్రాల చట్రం కూడా అంతకుముందే ఉంది. చీలమండను గట్టిగా పట్టి ఉంచే హాకీ బూటు కింద ఆ చట్రాన్ని నిలకడగా బిగించడమే వారి ఘనత. పాతవి రెండు కలిసి కొత్తది ఒకటి పుట్టింది. కొత్తదనమంతా అతుకులోనే ఉంది. 1996లో అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య వారి తొలి ఇన్‌లైన్ హాకీ ప్రపంచ పోటీలు అదే మిన్నియాపోలిస్, సెయింట్ పాల్ జంటనగరాలలో జరగడం ముచ్చటైన సంగతి.

అతుకు మీద పడే భారం

వినోదానికి వాడే వరుస చక్రాల బూట్లలో అనేకం బూటూ చట్రమూ ఒకటిగా పోతపోసి వస్తాయి, లేదా రెండు పెద్ద బోల్టులతో బిగించి ఉంటాయి. మడమ వెనుక రబ్బరు బ్రేకు కూడా ఉంటుంది. హాకీ బూటు సంగతి వేరు. దానికి బ్రేకు ఉండదు. ఆటగాడు ఆగదలచినప్పుడు పరుగు దిశకు అడ్డంగా పాదాలు తిప్పి, చక్రాలను నేలకు ఒరపెట్టి ఆగుతాడు. ఆ క్షణంలో నేల చక్రాలను ఒక పక్కకు లాగుతుంది, శరీరం బూటును మరొక పక్కకు నెడుతుంది. ఈ రెండు బలాలూ కలుసుకొనే చోటు బూటు అడుగు. అక్కడ కాపలా కాసేవి ముందు పాదం కింద, మడమ కింద కలిపి డజను పైచిలుకు రివెట్లు మాత్రమే.

పైగా చట్రం ఎత్తు ఒక తులాదండం వలె పనిచేస్తుంది. పాదం నేలకు ఎంత ఎత్తున ఉంటే పక్కకు లాగే బలం అంత పెరుగుతుంది. హాకీ బూట్లలో తరచుగా ముందు రెండు చక్రాలు 76 మిల్లీమీటర్లు, వెనుక రెండు 80 మిల్లీమీటర్లు ఉండడానికి ఇది ఒక కారణం. ముందు భాగం నేలకు దగ్గరగా ఉంటుంది, ఆటగాడి ఒళ్లు సహజంగానే ముందుకు వంగుతుంది, వెనుక పెద్ద చక్రాలు వేగాన్ని నిలుపుతాయి.

ఒక్క ఆటలో ఇట్టి ఆగుడులు, మలుపులు వందల సంఖ్యలో జరుగుతాయి. అందుచేత రివెట్లు వదులుకావడం లోపమని అనుకోరాదు. అది వాటి సహజధర్మం. లోపమల్లా అవి వదులైన సంగతి చూసుకోకపోవడమే.

బిగింపు ఒక విద్య

చట్రం విరిగినా, పాత ఐస్ హాకీ బూటుకు ఉక్కు పలక తీసి చక్రాలు వేయదలచినా, పని మొదలయ్యేది కొలతతో. చట్రం బూటు పొడవుకు తగినదై ఉండాలి. పొట్టిదైతే మనిషి ముందుకో వెనుకకో తూలుతాడు, పొడుగుదైతే మలుపు బరువవుతుంది.

తరువాత బూటు అడుగును పరీక్షించాలి. ముందు పాదం కింది తలం, మడమ కింది తలం చట్రపు రెండు పీటలకూ సరిగా ఆనాలి. ఒక తిన్నని బద్ద పెట్టి చూస్తే హెచ్చుతగ్గులు తెలుస్తాయి. ఎక్కడైనా సందు ఉంటే పలుచని తోలు ముక్కతోనో ప్లాస్టిక్ రేకుతోనో పూరించాలి. సందును అలాగే ఉంచి రివెట్లతో బలవంతాన లాగి బిగిస్తే చట్రమే మెలిపడుతుంది. మెలిపడిన చట్రంలో నాలుగు చక్రాలూ ఒకే గీత మీద నడవవు. అటువంటి బూటు ఎంత ఖరీదైనదైనా ఒక పక్కకు ఈడుస్తూనే ఉంటుంది.

మూడవది గీత. బూటు అడుగున మడమ నడిమి నుండి బొటనవేలికీ రెండవ వేలికీ మధ్యగల సందు దాకా సుద్దతో ఒక గీత గీస్తారు. చట్రం సాధారణంగా ఈ గీత మీద కూర్చోవాలి. చట్రం వెలుపలికి జరిగితే చీలమండ లోపలికి కూలుతుంది. మరీ లోపలికి జరిగితే చీలమండ వెలుపలికి ఒరుగుతుంది. తేడా రెండు మూడు మిల్లీమీటర్లే కావచ్చు. కాని గంటసేపు ఆడిన తరువాత ఆ తేడా మోకాలి దాకా పాకుతుంది. తన కాళ్లలోనే బలం లేదని బాధపడే కొత్త ఆటగాళ్లలో కొందరి కష్టానికి మూలం కాళ్లలో కాక, ఈ గీతలో ఉంటుంది.

అందుకే అనుభవజ్ఞులు ఒక్కసారిగా రివెట్లు కొట్టరు. ముందొకటి, వెనుకొకటిగా చిన్న బోల్టులు వేసి, చట్రాన్ని తాత్కాలికంగా నిలిపి, నిదానంగా కొంతదూరం నడిపి చూస్తారు. ఒక కాలిమీద నిలిచి జారినప్పుడు బూటు తిన్నగా పోతే గీత కుదిరినట్లు. పక్కకు లాగితే బోల్టు వదులు చేసి వెంట్రుకవాసి జరిపి మళ్లీ చూస్తారు. కుదిరిన తరువాతనే శాశ్వతమైన బిగింపు.

రివెట్టు పని చూడటానికి తేలిక, చేయడానికి ఓర్పు కావాలి. దాని తోక గొట్టం వలె బోలుగా ఉంటుంది. రంధ్రంలో దూర్చి, ఒక వైపు దాగలి ఆనించి, మరొక వైపు నొక్కుడు యంత్రంతో ఆ గొట్టపు అంచును పువ్వు వలె విప్పుతారు. తక్కువ నొక్కితే పట్టు చాలదు. ఎక్కువ నొక్కితే అంచు చీలుతుంది, బూటు అడుగు నలుగుతుంది. ఒక వైపువన్నీ ముందు కొట్టేసి రెండవ వైపు తరువాత కొట్టడం కూడా తప్పే. నవారు మంచం బిగించేవాడు ఒక మూలనే లాగడు గదా! ముందొకటి, వెనుకొకటి, కుడికొకటి, ఎడమకొకటి చొప్పున సమంగా బిగించుకుంటూ రావాలి.

రాగి రివెట్టు తుప్పు పట్టదు, మెత్తగా విప్పారుతుంది. ఉక్కు రివెట్టుకు బలం ఎక్కువ, కాని చెమటకు తుప్పు పడుతుంది. అందుచేత రెంటినీ వాటి వాటి చోట్ల వాడేవారున్నారు. పాత రివెట్టు తీసేటప్పుడు సుత్తితో పెళ్లగించరాదు. విప్పారిన అంచును మాత్రమే బరమాతో తొలిచి, కాడను మెల్లగా బయటికి నెట్టాలి. బరమా అదుపు తప్పి రంధ్రం పెద్దదైతే తరువాత వేసే రివెట్టుకు పట్టు దొరకదు. అప్పుడు వాషరు వేయవలసి వస్తుంది, లేదా లావు రివెట్టు వెతకవలసి వస్తుంది. ఇలా నాలుగుసార్లు జరిగితే బూటు అడుగు జల్లెడవుతుంది. ఎన్నాళ్లో కాళ్లకు అలవాటైన మంచి బూటు, పైభాగం చెక్కుచెదరకుండానే, అడుగు మూలాన పారవేయవలసి వస్తుంది.

చూసే కన్ను, వినే చెవి

బిగింపు నిపుణుడి పని. దానిని కాపాడుకోవడం మాత్రం ఆటగాడి పని. అందుకు ఖరీదైన పనిముట్లు అక్కరలేదు.

చట్రాన్ని ఒక చేత, బూటును మరొక చేత పట్టుకొని ఇటూ అటూ మెలిపెట్టి చూడాలి. ‘టిక్కు’మని చిన్న చప్పుడు వినిపించినా, అడుగుకూ చట్రానికీ నడుమ వెలుతురు గీత కనిపించినా ఏదో ఒక రివెట్టు వదులైనట్లే. రివెట్టు చుట్టూ చట్రంలో వెంట్రుక వంటి పగులు ఉన్నదేమో చూడాలి. పగిలిన చట్రానికి మందు లేదు, మార్చవలసిందే. లోపలి మెత్తను తీసి అడుగు చూస్తే తుప్పు మరకలు, చెమట నానుడు తెలుస్తాయి. ఆట కాగానే మెత్తలు వెలికితీసి, బూట్లను గాలి ఆడే నీడలో ఆరబెట్టడం అన్నిటికంటె చవకైన సంరక్షణ. తడి బూటును సంచిలో కుక్కి మర్నాటి దాకా మరచిపోయేవాడు తన రివెట్లను తానే తినిపిస్తున్నాడు.

తరువాత చక్రాలు. పాదం నేలను తన్నేది లోపలి అంచుతో గనుక చక్రాలు లోపలి వైపే ఎక్కువగా అరుగుతాయి. బూటును ఒక అద్దపు పలక మీద నిలిపి చూస్తే నాలుగు చక్రాలలో ఏది నేలకు ఆనడం లేదో తెలిసిపోతుంది. అన్నీ ఒకే కొలత చక్రాలైతే మొదటిదాన్ని మూడవదానితో, రెండవదాన్ని నాల్గవదానితో మార్చి, అరిగిన అంచు వెలుపలికి వచ్చేటట్లు తిప్పి వేయాలి. ముందు చిన్నవి, వెనుక పెద్దవి అయిన హాకీ బూట్లలో ఇలా మార్చడం కుదరదు. అక్కడ ముందు రెండు తమలో తాము, వెనుక రెండు తమలో తాము మారాలి, లేదా కుడి బూటువి ఎడమ బూటుకు రావాలి. చక్రం గట్టితనం కూడా నేలను బట్టి ఎంచుకోవాలి. లోపలి నున్నని నేలకు మెత్తని చక్రాలు పట్టు ఇస్తాయి. అవే చక్రాలను సిమెంటు మీదా తారు మీదా వాడితే పెన్సిలు రబ్బరు వలె అరిగిపోతాయి.

చక్రం గుండె బేరింగు. సాధారణంగా చక్రానికి రెండు చొప్పున జత బూట్లకు పదహారు. వీటిని 608 అనే అంకెతో పిలుస్తారు. లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, వెలుపలి వ్యాసం 22, మందం 7. బేరింగుల మీద కనిపించే 3, 5, 7, 9 అనే తరగతి అంకెలు వాటి తయారీలోని కొలతల కచ్చితత్వాన్ని తెలుపుతాయే గాని, అడ్డదెబ్బలకు ఎంత ఓర్చగలవో చెప్పవు. హాకీలో పడేవన్నీ అడ్డదెబ్బలే. కాబట్టి పెద్ద అంకెకు పెద్ద ధర పెట్టడం కంటె, ఉన్నవాటిని శుభ్రంగా ఉంచుకోవడం మేలు. మూత తీయగల బేరింగులైతే కిరసనాయిలులో కడిగి, నిప్పుకు దూరంగా పూర్తిగా ఆరనిచ్చి, కుట్టుమిషను నూనె ఒకటి రెండు చుక్కలు వేస్తే చాలు. నూనె ఎక్కువైతే దుమ్మును పిలుస్తుంది. నీరు వాటి బద్ధశత్రువు.

చివరిది ఇరుసు. చట్రం అల్యూమినియం, ఇరుసు ఉక్కు. అతిగా బిగిస్తే అల్యూమినియంలోని మరలు అరిగిపోయి ఇక ఎన్నటికీ పట్టవు. వదులుగా వదిలేస్తే ఆట నడుమ ఇరుసు జారి చక్రం ఊడుతుంది. చక్రం స్వేచ్ఛగా తిరగాలి, పక్కకు ఊగరాదు. ఈ రెంటి నడుమ ఉన్న బిగువును వేళ్లే నేర్చుకోవాలి. రెండు బేరింగుల మధ్య ఉండే చిన్న గొట్టాన్ని పోగొట్టుకొని, అది లేకుండానే బిగించేవారున్నారు. అప్పుడు బిగువంతా బేరింగుల మీద పడి అవి నలిగిపోతాయి.

ఎందుకింత శ్రద్ధ?

ఇదంతా చాదస్తమని తోచవచ్చు. కాని పడినవాడు ముందుగా చేయి ఆనిస్తాడు. 1996లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ ప్రచురించిన ఒక పరిశీలనలో, వరుస చక్రాల బూట్లతో గాయపడి ఆస్పత్రికి వచ్చినవారి దెబ్బలలో మణికట్టువే అన్నిటికంటె ఎక్కువ, సుమారు మూడవ వంతు. మణికట్టు తొడుగు ధరించినవారికి ఆ ముప్పు ఎంతో తక్కువగా ఉన్నట్లు కూడా అదే పరిశీలన తేల్చింది. తొడుగు పడిన తరువాత కాపాడుతుంది. బాగుగా బిగించిన చట్రం పడకుండా కాపాడుతుంది. రెండూ కావాలి.

మన దేశంలో ఈ జాగ్రత్తకు మరొక అర్థం కూడా ఉంది. చండీగఢ్ నుండి విశాఖపట్నం దాకా పిల్లలు చక్రాల మీద ఆడుతున్నారు. మంచి హాకీ బూటు వెల సామాన్య కుటుంబానికి తేలికైనది కాదు. అన్నకు చిన్నదైన బూటు తమ్ముడికి, తమ్ముడి నుండి పొరుగింటి పిల్లవాడికి చేరడం సహజం. బూటు చేతులు మారినప్పుడల్లా పాత బిగింపులోని తప్పు కూడా చేతులు మారుతుంది. అన్న పాదానికి కుదిరిన గీత తమ్ముడి పాదానికి కుదరకపోవచ్చు. ఆ సంగతి చూడక, ‘వీడికి ఆట రాదు’ అని తేల్చేయడం అన్యాయం.

అతుకు విలువ లదాఖ్ వారికి తెలిసినంతగా మరెవరికి తెలుసు? అక్కడ ఐస్ హాకీ తొలి రోజుల్లో స్కేట్లు దొరకక, సైనికుల బూట్ల కిందనే ఇనుప పలకలు అమర్చుకొని గడ్డకట్టిన నీటిమీద ఆడినవారున్నారు. వారి చేతిలో ఉన్నది మామూలు బూటు, మామూలు ఇనుము. ఆ రెంటినీ కలిపిన నేర్పే వారికి ఆటను ఇచ్చింది. మిన్నెసోటా నేలమాళిగలో జరిగినదీ అదే.

మన పల్లెల్లో బండి కట్టేముందు రైతు ఎద్దులను చూస్తాడు, చక్రాలను చూస్తాడు, చివరకు వంగి కడచీలను ఒకసారి తట్టి చూస్తాడు. ఎద్దులు ఎంత మేలుజాతివైనా, చక్రాలు ఎంత గట్టివైనా, వేలెడంత కడచీల జారితే బండి బోల్తాపడక మానదు. చక్రాల బూటు తొడుక్కొనే పిల్లవాడికి కూడా ఆ అలవాటే నేర్పాలి. ఆటకు ముందు అయిదు నిమిషాలు. చట్రం మెలిపెట్టి వినడం, ఇరుసులు తాకి చూడడం, చక్రాలు ఒకసారి తిప్పి చూడడం. మెర్లిన్ మహాశయుడి కాలంలో పాదం చెప్పిన మాట చక్రానికి వినిపించే దారి లేదు. ఈనాడు ఆ దారి ఉంది. దానిని తెరచి ఉంచుకోవడమే మన వంతు.